వ్రాయసకాని భుజము

ప్రాచ్య లిఖిత గ్రంథాలయములలో తాటాకు ప్రతులను విప్పి చూచిన వారికి, గ్రంథము ముగిసిన పిదప చిట్టచివరి ఆకుమీద, కవికి గాని కథకు గాని సంబంధింపని చిన్న విన్నపమొకటి తఱచుగా కానవచ్చును. అది ఆ ప్రతిని వ్రాసిన లేఖకుని మాట. ఆ ప్రతికొఱకు తన నడుమును మెడయును పడిన పాట్లను, వంచిన తల యెత్తకుండ తాను గడపిన దినములను చెప్పుకొని, ఇంత శ్రమతో సిద్ధమైన పుస్తకమును పదిలముగా కాపాడుడని అతడు చదువరులను వేడుకొనును. తరతరముల లేఖకులు ఇంచుమించుగా ఒకే తీరున ఈ మాటలు వ్రాయుచు వచ్చుటచేత, పండితులు దీనిని ఆచారముగా నెంచి, పాఠభేదములు చూచుకొను తొందరలో దాటిపోవుచుందురు. నాకు మాత్రము ఆ విన్నపమే గ్రంథమంతటిలో మిక్కిలి యథార్థమైన వాక్యముగా తోచును. వ్రాతపనిచే బ్రదికిన వారి మెడనొప్పికి, భుజము నొప్పికి మన దేశమున మిగిలియున్న పాత సాక్ష్యము అదియే.

తాటాకుమీద వ్రాయుట యెట్టి పనియో నేటివారికి ఊహ కందదు. వ్రాయసకాడు నేలమీద కూర్చుండి, ఎడమచేత ఆకును పట్టుకొని, ఆ చేతి బొటనవ్రేలి గోటికి పెట్టిన గాటులో గంటపు మొనను ఆనించి, కుడిచేత గంటమును నడపును. సిరా లేదు, అక్షరము ఆకులోనికి గీతయై దిగవలెను, కావున ప్రతి యక్షరమునకును వ్రేళ్ళు బిగియవలెను, కన్ను ఆకునకు దగ్గఱ కావలెను, మెడ ముందునకు వంగవలెను. ఇంత కష్టములోను ఒక ఊఱట కలదు. ఆకు నిండిన వెంటనే దానికి మసి పూసి తుడిచినగాని అక్షరములు కనబడవు. గంటపు మొన మొద్దువాఱినచో నూఱుకొనవలెను. ప్రొద్దు వాలినచో పని కట్టిపెట్టవలెను. ఈ తెఱపులలో చేయి తన బిగువు తాను సడలించుకొనెడిది. పందొమ్మిదవ శతాబ్ది తొలి భాగమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలోని తన బంగళాయందు పండితులను, వ్రాతగాండ్రను జీతములిచ్చి నిలిపి తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించిన కథను చెప్పుకొనునప్పుడు మనము పండితులనే తలంతుము. ప్రతులు వ్రాసిన చేతులను తలంచువారు లేరు.

ఆ చేతులను తలంచిన వైద్యుడొకడు ఇటలీ దేశమున నుండెను. బెర్నార్డినో రామజ్జీని 1633లో కార్పీ పట్టణమున జన్మించి, మోదెనా నగరమున వైద్యవిద్యను బోధించెను. ఆయన యింటి మరుగుదొడ్డి గోతిని శుభ్రము చేయుటకు వచ్చిన కూలి యొకడు ఊపిరాడకుండ తొందరపడుచుండగా, ఇంత తొందర యెందుకని ఆయన అడిగెననియు, నాలుగు గంటలకు మించి ఇందులో నున్నచో కన్నులు పోవునని వాడు బదులు చెప్పెననియు ఆయనయే వ్రాసికొనెను. ఆ ఒక్క సమాధానము ఆయన జీవితమును మార్చినది. రోగిని చూడబోయిన వైద్యుడు హిప్పోక్రటీసు కాలమునుండి అడుగుచు వచ్చిన ప్రశ్నలకు తోడుగా, నీవు చేయు పని యేమి యను ప్రశ్నను గూడ అడుగవలెనని ఆయన సిద్ధాంతము చేసెను. కర్మకారుల వ్యాధులను గూర్చి లాటిను భాషలో ఆయన రచించిన గ్రంథము 1700లో వెలువడెను. 1713లో, అప్పటికి ఎనుబదేండ్ల వృద్ధుడై పాదువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, దానికి చేర్చిన యనుబంధములో లేఖకులను గూర్చి, గుమాస్తాలను గూర్చి ఒక ప్రకరణము వ్రాసెను.

వ్రాతగాండ్రను పీడించు బాధలకు ఆయన మూడు హేతువులు చెప్పెను. మొదటిది ఎడతెగక కూర్చుండుట. రెండవది చేయి ఎల్లప్పుడును ఒకే దిక్కునకు, ఒకే తీరున కదలుట. మూడవది లెక్కలలో తప్పు దొరలునేమో, దానివలన యజమానికి నష్టము కలుగునేమో యను భయముతో మనస్సు నిరంతరము బిగబట్టియుండుట. కలము పట్టి పట్టి కుడిచేయి పూర్తిగా చచ్చుబడిన దస్తావేజు లేఖకుని ఒకనిని ఆయన ఎఱుగును. ఆ మనుష్యుడు జీవనాధారము పోకుండుటకై ఎడమచేతితో వ్రాయుట నేర్చికొనెను. కొంతకాలమునకు ఆ చేతికిని అదే గతి పట్టినది. మందులతో, తైలములతో గాక పనిని తగ్గించుటతోనే ఈ రోగము కుదురునని చెప్పుట సులభము, తగ్గించుకొనుటకు ఆ పేదవానికి వీలెక్కడ? రామజ్జీని 1714లో గతించెను. ఆయన చెప్పిన మూడు హేతువులలో మూడవదానిని లోకము నిర్లక్ష్యము చేసినంతగా మఱి దేనిని చేయలేదు. దాని కథకు మఱల వత్తును.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో గుమాస్తాల సంఖ్య వేలకు వేలుగా పెరిగినది. వర్తక సంఘములు, బ్యాంకులు, రైల్వే కచేరీలు, సామ్రాజ్యపు దొడ్డ కార్యాలయములు, అన్నియు చేతివ్రాతపైననే నడచుచుండెను. అంతవఱకు వాడుకలోనున్న బాతు ఈక కలమును మాటిమాటికి చాకుతో చెక్కుకొనవలెను. బర్మింగ్‌హామ్ కర్మాగారములనుండి చౌకగా వచ్చిపడిన ఉక్కుపాళీకి ఆ అక్కఱ లేదు. తాటాకునకు మసి పూయునట్టి తెఱపియే ఈక చెక్కుటలోను ఉండెను. ఉక్కుపాళీ దానిని తీసివేసినది. వ్రాతగాండ్ర చేతులు కొంకరలు పోవుటను సర్ చార్లెస్ బెల్ 1830 ప్రాంతమున వర్ణించెను. శామ్యూల్ సాలీ యను శస్త్రవైద్యుడు 1864లో లేఖకుల పక్షవాతమను పేరుతో దీనిని గూర్చి లండనులో ఉపన్యసించెను. 1888లో తన నాడీరోగ గ్రంథమును వెలువరించిన విలియం గవర్సు మఱింత సూక్ష్మముగా పరిశీలించి, మణికట్టును బల్లకు బిగియించి వ్రేళ్ళతో వ్రాయువారికే ఈ బాధ యెక్కువయనియు, భుజమునుండి చేతినంతటిని కదల్చి వ్రాయువారికి మిక్కిలి యరుదనియు చెప్పెను. ఆనాటి వారు వర్ణించిన కొంకర వ్యాధిని నేటి వైద్యులు మెదడునకు సంబంధించిన వేఱొక రోగముగా గుర్తించుచున్నారు. కంప్యూటరు పనివారి మెడ, భుజముల నొప్పియు అదియు ఒకటి కావు. అయినను రెండింటికిని పుట్టినిల్లు ఒకటే, అది చిన్న కదలికను వేల మాఱులు తెఱపి లేక చేయించు పని.

తరువాత తంతి వచ్చినది. మోర్సు మీటను నొక్కుటకు బలమక్కఱలేదు, పసివాడును నొక్కగలడు. దినమున కన్ని వేల మాఱులు, ప్రతి దెబ్బయు కొలత తప్పకుండ, అవతలివాడు వినుచుండగా నొక్కుటయే కష్టము. అమెరికాలో తంతి పనివారు ఈ బాధను గాజుచేయి యని పిలుచుకొనిరి. తాకినచో పగులునేమో యనిపించు చేతికి ఇంతకంటె తగిన పేరు ఏ వైద్యుడును పెట్టలేదు. హొరేస్ మార్టిన్ అను నతడు పైకి క్రిందికి కొట్టు మీటకు మాఱుగా ప్రక్కకు జరుపు మీటను కనిపెట్టి, చుక్కలను యంత్రమే కొట్టునట్లు అమర్చి, 1904లో దానికి పేటెంటు పొందెను. చేతినొప్పిని మాన్పుటకై పుట్టిన యంత్రములలో తొలివరుసలో నిలువదగినది ఇది. బ్రిటనులో కార్మిక పరిహార చట్టపు జాబితాలో తంతి పనివారి చేతికొంకర 1908లో చేరినది. పరిహారమని చట్టమున వ్రాసిన మఱుక్షణమునుండి నొప్పి నిజమా, నటనయా యను ప్రశ్న పుట్టినది. తపాలాశాఖ నియమించిన విచారణ సంఘము 1911లో నివేదిక సమర్పించుచు, చేతి యలసటతోపాటు పనివాని నాడీ దౌర్బల్యమును గూడ కారణముగా చూపెను. మనస్సు బిగబట్టియుండుట పనిలోని దోషమని రామజ్జీని చెప్పియుండగా, రెండువందల యేండ్ల తరువాత ఈ సంఘమువారు దానిని పనివాని స్వభావములోని దోషముగా మార్చివేసిరి. ఈ మార్పు చిన్నది కాదు. ఆ పిమ్మట ఈ వ్యాధి చరిత్రయంతయు ఈ ఒక్క తగవు చుట్టును తిరిగినది.

టైపు యంత్రమును గూర్చి మాత్రము ఒక విశేషము చెప్పవలెను. 1874లో రెమింగ్టను సంస్థ అమ్మకమునకు పెట్టిన యంత్రము లోకమంతయు వ్యాపించి, మన జిల్లాలలోను ప్రతి పట్టణమున టైపు ఇన్‌స్టిట్యూటులు వెలసి, లోయరు, హయ్యరు పరీక్షలకు వేలమంది యువకులు, యువతులు అద్దెగంటలు లెక్కబెట్టుకొని సాధన చేసినను, ఆ తరమువారినుండి భుజము నొప్పి ఫిర్యాదులు నేటివలె వెల్లువయై రాలేదు. ఆ మీటలు బరువైనవి; కావున నొప్పి యెక్కువ కావలసియుండెను గదా! కారణము వెదకువారు యంత్రమును కాక, ఆ యంత్రముముందు కూర్చున్న మనుష్యుని చూడవలెను. మోచేతుల యెత్తున మీటలు. మణికట్టు గాలిలో నిలిచియున్నది. ఉపాధ్యాయుడు వెనుకనుండి వచ్చి మణికట్టు వాలిన పిల్లను మందలించుచున్నాడు. పంక్తి ముగిసినంతనే గంట మ్రోగును. ఎడమచేయి పైకెత్తి బండిని త్రోయవలెను. పుట నిండినచో కాగితము తీసి, కార్బను కాగితములు పేర్చి, క్రొత్తది చుట్టవలెను. తప్పు పడినచో రబ్బరుతో గీకి, పొడి యూదవలెను. నిమిషమునకు పలుమాఱులు చేయి తన త్రోవ మార్చుకొనెడిది. దీనిని సెలవని ఎవ్వరు ననుకొనలేదు, యంత్రపు లోపమనియే తలంచిరి. కాని ఆ లోపములే ఆ భుజములను కాపాడినవి.

ఆ లోపములన్నియు తొలగిన యంత్రము మొదట రంధ్రపు కార్డుల యంత్రముగా వచ్చినది. జపానులో బ్యాంకులును, బీమా సంస్థలును లెక్కల నన్నిటిని కార్డులపై ఎక్కించుటకు పడుచుపిల్లలను వందలుగా నియమించినప్పుడు, 1950ల చివర, 1960ల తొలినాళ్ళలో వారి చేతులును, భుజములును, మెడలును ఒక్కుమ్మడి పట్టివేయసాగెను. అచ్చటి వైద్యులు పెట్టిన పేరు కేయ్‌కెన్‌వాన్. మెడ, భుజము, చేయి అని దాని యర్థము. రోగకారణమును గూర్చి యే వాదమును తలకెత్తుకొనక, నొప్పి యున్న చోటును మాత్రమే చెప్పిన ఈ పేరులోని నిజాయితీ నాకు నచ్చినది. 1964లో జపాను కార్మిక మంత్రిత్వశాఖ మీటల పనికి హద్దులు నిర్ణయించినది. దినమునకు అయిదు గంటలకు మించి మీటల ముందు కూర్చుండరాదు. గంటకొకమాఱు పది నిమిషములు విశ్రాంతి యీయవలెను. దినమునకు కొట్టు దెబ్బలు 40,000 దాటరాదు. తాటాకు మసియు, ఈక చాకును, టైపు బండియు వాటంతట అవి ఇచ్చుచుండిన తెఱపిని ప్రభుత్వము ఉత్తరువుగా వ్రాసి యీయవలసి వచ్చెను.

ఆస్ట్రేలియా కథ వేఱు. 1980ల తొలి భాగమున కంప్యూటరు మీటలు కార్యాలయములలో ప్రవేశించిన కొలది యేండ్లకే అక్కడ చేతినొప్పి అంటువ్యాధివలె వ్యాపించినది. దేశపు టెలిఫోను శాఖలో 1981 మొదలు 1985 వఱకు నాలుగువేలకు దగ్గఱగా ఫిర్యాదులు నమోదైనవి. వాటిని లెక్కించినప్పుడు తేలిన విషయము అందఱిని తికమక పెట్టినది: దినమంతయు మీటలు కొట్టు తంతి పనివారిలో నొప్పి తక్కువ, వారికంటె ఎంతో తక్కువగా మీటలు కొట్టు టెలిఫోను ఆపరేటర్లలో మిక్కిలి ఎక్కువ. కొందఱు దీనిని చూపి ఇదంతయు పత్రికలు పుట్టించిన భ్రమయనిరి, పరిహారమునకై ఆడిన నాటకమనిరి. ఆ వాదము నాకు సమ్మతము కాదు. దెబ్బల సంఖ్య యొక్కటే నొప్పికి కొలబద్ద కాదని మాత్రమే ఆ లెక్కలు చెప్పుచున్నవి. కదలకుండ కూర్చుండుట, పనిపై తనకు అధికారము లేకుండుట, పైవాడు గమనించుచున్నాడను బెదురు, ఇవి దెబ్బల లెక్కలో పడవు. ఇంగ్లండులోను న్యాయస్థానములు ఊగిసలాడినవి. 1993లో లండను న్యాయమూర్తి యొకరు, వార్తాసంస్థ ఉద్యోగి వ్యాజ్యములో, ఈ నొప్పికి పెట్టిన ఆంగ్లనామమునకు వైద్యశాస్త్రమున అర్థమే లేదని తీర్పు చెప్పిరి. 1998లో బ్యాంకు చెక్కుల వివరములను యంత్రములోని కెక్కించుచుండిన అయిదుగురు స్త్రీలు అదే దేశమున గెలిచి పరిహారము పొందిరి. ఐరోపా సంఘము 1990లో తెరల ముందు పనిచేయువారి రక్షణకు ఆదేశము జారీ చేసినది. అమెరికాలో 2000 నవంబరులో వెలువడిన నియమావళిని 2001 మార్చిలో అచ్చటి కాంగ్రెసు రద్దు చేసినది; నాలుగు నెలలు మాత్రమే అది బ్రదికినది.

శాస్త్రజ్ఞులు ఈ లోపల కండరమునే ప్రశ్నింపసాగిరి. మెడనుండి భుజపు కొనవఱకు, వీపు నడిమివఱకు పఱచుకొనిన పెద్ద కండర మొకటి కలదు. మౌసు పట్టిన చేతిని గాలిలో నిలుపునది అదియే. స్వీడను దేశీయుడగు యోరాన్ హేగ్ 1991లో ఒక ఊహను ప్రతిపాదించెను. ఆ కండరములోని సన్నని పోగులు కొన్ని పని యారంభించినంతనే మొదట లేచును, పనియంతయు ముగిసినగాని పడుకొనవు. బరువు ఎంత స్వల్పమైనను వాటికి సెలవు లేదు. అద్భుతకథలోని సిండ్రెల్లా పేరు వాటికి పెట్టిరి. మన వారికి చెప్పవలెనన్న, ఉమ్మడి కుటుంబమున కోడికూతతో లేచి, అందఱు పడుకొనిన పిమ్మట దీపమార్పిన పెద్దకోడలి వంటివి ఆ పోగులు. ఈ యూహ పూర్తిగా రుజువు కాలేదు. అయినను బరువెత్తని చేయి యెందుకు నొచ్చునను ప్రశ్నకు ఇంత చక్కని సమాధానము మఱియొకటి లేదు. చేతులు కదలకున్నను మనస్సునకు బెదురు కలిగించు లెక్కలు ఇచ్చినప్పుడు ఈ కండరము తనంత తాను బిగియుటను పరికరములతో కొలిచి చూపిరి. రామజ్జీని చెప్పిన మూడవ హేతువు ఈ విధముగా మూడువందల యేండ్లకు గౌరవము పొందినది. మణికట్టులోని నాడి నలుగుటవలన వచ్చు తిమ్మిరికి కంప్యూటరే మూలమను లోకప్రవాదమును మాత్రము డెన్మార్కులో దాదాపు ఏడువేలమందిని పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనము బలపఱచలేదు. మఱియొక వైపు, అమెరికాలో లెక్కలెక్కించు పనివారికి విశ్రాంతి లేని ప్రతి గంటకు అయిదు నిమిషముల తెఱపిని అదనముగా ఇచ్చి చూడగా, నొప్పి తగ్గినది, పని మాత్రము తగ్గలేదు.

ఇక మన యింటి మాట. 1998 నవంబరులో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి తెలుగు దేశపు నలుమూలల బిడ్డలు ఈ పనిలోనికి ప్రవేశించిరి. అమెరికా వైద్యుల మాటలను రాత్రియంతయు చెవులతో విని మీటలతో వ్రాసినవారు కొందఱు, సంకేతములు రచించినవారు కొందఱు, సముద్రములు దాటిపోయినవారు మఱికొందఱు. ఆ బల్లల యొద్దకు పోయి చూడుడు. మీటల పలకకు కుడివైపున అంకెల మీటలున్నవి. వాటికిని ఆవల మౌసున్నది. దానిని అందుకొనుటకు కుడిచేయి ఒంటికి ఎడముగా, ప్రక్కకు చాపుకొని యుండవలెను. ఆ చేతితోపాటు భుజము వ్రేలెడు పైకి లేచియుండును. ఆ లేచిన భుజము మధ్యాహ్న భోజనమువఱకు దిగదు. ల్యాప్‌టాపు వచ్చిన తరువాత తెరయు మీటలును ఒక్కటిగా కలిసిపోయినవి. చేతులకు సరిపోవు నెత్తున పెట్టినచో మెడ వంగవలెను, కన్నులకు సరిపోవు నెత్తున పెట్టినచో భుజములు లేవవలెను. 2020లో మహమ్మారి కాలమున కార్యాలయములు మూతపడి, మంచముమీద పద్మాసనము వేసికొని ఒడిలో ల్యాప్‌టాపు పెట్టుకొని పనిచేసిన పిల్లలను చూచినవారికి, ఒడిలో ఆకు పెట్టుకొని తల వంచిన తాటాకు లేఖకుడు జ్ఞప్తికి రాక మానడు. తేడా యొక్కటే: వీరి ఆకు నిండదు, మసి పూయు వేళ రాదు.

మెడ పట్టినది, జబ్బ లాగుచున్నది, మౌసు పట్టిన చేయి సలుపుచున్నది అని వీరు చెప్పినప్పుడు, చల్లని గదిలో కుర్చీమీద కూర్చుండి చేయు పనికి నొప్పియా యని పెద్దలు నవ్వుదురు. నాగలి పట్టినవారము మేమెన్నడును ఇట్లు మూల్గలేదందురు. నాగలి పట్టిన చేయి సాలు మలుపులో సడలెడిది, ఎడ్లకు నీరు పెట్టునప్పుడు సడలెడిది. ఈ బిడ్డల చేతికి సాలు మలుపు లేదు. చదువరులారా, మీ యింటనో, మీ కార్యాలయముననో ఎవరైన భుజము నొప్పి యని చెప్పినచో, లేపనము పుచ్చుకొమ్మని పంపివేయకుడు. నీవు చేయు పని యేమి, లేవకుండ ఎంతసేపు చేయుదువు, మౌసు ఎంత దూరమున నున్నది, ఎవరికి వెఱచి లేవకున్నావు అని ముందుగా అడుగుడు. పనియిచ్చు పెద్దలు గంటకు అయిదు నిమిషములను పనివేళలోనివిగనే లెక్కించి, లేచిపొమ్మని తామే చెప్పుదురు గాక.